సూర్యాపేటలో ఉన్న పిల్లల కస్టడీ కేసును మిర్యాలగూడకు మార్చుకోవచ్చా? ట్రాన్స్‌ఫర్ పిటిషన్ ఎక్కడ వేయాలి?

కిందటి ఎపిసోడ్‌లో భరణం కేసుల గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న. "సార్, మా ఆయనది కోదాడ. సూర్యాపేట కోర్టుల పిల్లగాడు తనకే కావాలని కేసేసిండు. నేనేమో మిర్యాలగూడల మా తల్లిగారింట్ల ఉంటున్న. ప్రతి వాయిదాకు పిల్లగాన్ని ఎత్తుకొని సూర్యాపేట పోవాలంటే నాతోని అయితలేదు. కేసును ఇక్కడికి మార్పించుకోవచ్చా?"

మార్పించుకోవచ్చు. కానీ ఎవరిని అడగాలి, ఏం చెప్పి అడగాలి, అడిగినంక ఏం చేయకూడదు, ఈ మూడూ తెలియకపోతే కేసు మారకపోగా ఉన్న కేసు కూడా చెడిపోతుంది. నేను చెప్పేది పుస్తకం చూసి చెప్పే మాట కాదు. ఒక కేసులో నేనే పొరపాటు చేశాను. అది కూడా చివర్లో చెప్తాను.

మొదట చూడాల్సింది బిడ్డ ఎక్కడ ఉంటున్నాడన్నది

కస్టడీ కేసు అంటే మామూలుగా గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 కింద వేసే ఓ.పి. మన కోర్టుల్లో దీన్ని జి.డబ్ల్యు.ఓ.పి. అంటాం. ఈ చట్టంలో సెక్షన్ 9 ఉంది. చాలామంది దాన్ని చూడకుండానే ట్రాన్స్‌ఫర్ గురించి అడుగుతారు. సెక్షన్ 9 ఏం చెప్తుందంటే, బిడ్డ సంరక్షణ కోసం వేసే దరఖాస్తు ఆ బిడ్డ సాధారణంగా నివసించే చోటు ఏ జిల్లా కోర్టు పరిధిలో ఉంటే ఆ కోర్టులోనే వేయాలి. పెళ్ళి ఎక్కడ జరిగింది, నాన్న ఆధార్ కార్డులో ఏ ఊరుంది, ఇవి ఇక్కడ ముఖ్యం కాదు. విడాకుల కేసుకు పెళ్ళి జరిగిన ఊరు, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న ఊరు పనికొస్తాయి. కస్టడీ కేసుకు బిడ్డ ఉండే ఊరే లెక్క.

కాబట్టి నోటీసు చేతికి రాగానే మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి. బాబు నిజంగా ఎక్కడ ఉంటున్నాడు? రెండేళ్ళ నుంచి మిర్యాలగూడలో ఉంటూ, అక్కడి బడికే పోతుంటే, సూర్యాపేటలో వేసిన కేసు అసలు వేయాల్సిన చోట వేసింది కాదు. అలాంటప్పుడు ట్రాన్స్‌ఫర్ అడగడం కంటే ముందు ఆ కోర్టులోనే "మీకు ఈ కేసు వినే పరిధి లేదు" అని అభ్యంతరం పెట్టాలి. ఆ అభ్యంతరం మొదట్లోనే పెట్టాలి. కౌంటర్ వేసి, సాక్ష్యాలు నడిచి, ఏడాది గడిచాక పెడితే "ఇన్నాళ్ళు ఏం చేశారు?" అని అడుగుతారు. అభ్యంతరం నిలబడితే కోర్టు ఆ పిటిషన్‌ను సరైన కోర్టులో వేసుకోమని వాపసు ఇస్తుంది.

మరి తల్లిగారింటికి వచ్చి మూడు నెలలే అయితే? అక్కడే తకరారు వస్తుంది. ఆయన అంటాడు, "బాబు పుట్టిందీ పెరిగిందీ కోదాడలో, మొన్నగాక మొన్న తీసుకుపోయింది" అని. ఆమె అంటుంది, "నేను ఇక తిరిగిపోయే పరిస్థితి లేదు, బాబును ఇక్కడే బడిలో వేశాను" అని. సాధారణ నివాసం అంటే ఇన్ని రోజులు అని చట్టంలో లెక్క లేదు. ఉండాలనే ఉద్దేశం, బడి, ఇల్లు, పరిస్థితులు అన్నీ కలిపి చూసి తేల్చే విషయం అది. 2011లో ఢిల్లీ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2019 మార్చిలో మన తెలుగు దంపతుల కేసే ఒకటి సుప్రీంకోర్టుకు పోయింది. వాళ్ళు అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉండేవాళ్ళు. పిల్లలు అక్కడి పౌరులు. కస్టడీ కేసు అప్పటికే అక్కడి కౌంటీ కోర్టులో నడుస్తోంది. తల్లి పిల్లలతో హైదరాబాద్ వచ్చి కొద్ది వారాల్లోనే ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కస్టడీ వేసింది. కొద్ది వారాల మకాం సాధారణ నివాసం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. పెన్సిల్వేనియా అయినా కోదాడ అయినా సూత్రం ఒక్కటే. పిల్లల్ని బండెక్కించినంత మాత్రాన కేసు కూడా బండెక్కి రాదు.

ఇలా పరిధి విషయం అటూ ఇటూ ఉన్నప్పుడు, లేదా పరిధి ఉన్నా అక్కడికి పోయిరావడం మీ వల్ల కానప్పుడు, పనికొచ్చేది ట్రాన్స్‌ఫర్ పిటిషన్. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. పరిధి లేని కోర్టులో ఉన్న కేసును కూడా ట్రాన్స్‌ఫర్ చేయొచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 24లోనే ఉంది. అందుకని అభ్యంతరం, ట్రాన్స్‌ఫర్ ఒకదానికొకటి అడ్డం కాదు.

మూడు గడపలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ట్రాన్స్‌ఫర్ ఎవరిని అడగాలి? నేను నా దగ్గరికి వచ్చిన వాళ్ళకు మూడు గడపలుంటాయని చెప్తాను.

మొదటి గడప జిల్లా జడ్జి గారి కోర్టు. కేసు ఉన్న కోర్టు, మీరు కోరే కోర్టు రెండూ ఒకే జిల్లాలో, ఆ జిల్లా కోర్టు కింద ఉంటే, సెక్షన్ 24 కింద జిల్లా కోర్టే మార్చగలదు. ఉదాహరణకు ఒక కేసు కోదాడ కోర్టులో ఉంది, దానికి సంబంధించిన ఇంకో కేసు సూర్యాపేటలో ఉంది. రెండూ ఒకే చోట నడవాలంటే సూర్యాపేట జిల్లా జడ్జి గారి దగ్గర ట్రాన్స్‌ఫర్ ఓ.పి. వేస్తే సరిపోతుంది. హైదరాబాద్ దాకా పోవాల్సిన పని లేదు.

రెండో గడప హైకోర్టు. రెండు కోర్టులు వేర్వేరు జిల్లాల్లో ఉండి, రెండూ ఒకే హైకోర్టు కింద ఉంటే అక్కడికి పోవాలి. మన తెలంగాణ హైకోర్టులో దీన్ని ట్రాన్స్‌ఫర్ సి.ఎం.పి. అంటారు.

మన వైపు చాలామంది పొరపడేది ఇక్కడే. పాత నల్లగొండ జిల్లా రోజుల్లో సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ అన్నీ ఒకే జిల్లా. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయి సూర్యాపేట వేరే జిల్లా అయింది. కోదాడ, హుజూర్‌నగర్ సూర్యాపేటతో పోయాయి. మిర్యాలగూడ నల్లగొండతోనే ఉండిపోయింది. అయితే కలెక్టరేట్లు విడిపోయినా కోర్టులు వెంటనే విడిపోలేదు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు నల్లగొండ జిల్లా జడ్జి గారే అందరికీ పెద్ద. 2022 జూన్ 2న తెలంగాణలో కొత్త జ్యుడీషియల్ జిల్లాలు మొదలయ్యాయి. అప్పుడు సూర్యాపేటకు వేరే జిల్లా కోర్టు వచ్చింది.

దీని అర్థం ఏంటంటే, 2022కు ముందు సూర్యాపేట కేసును మిర్యాలగూడకు మార్చమని నల్లగొండలోనే అడగొచ్చు. ఇప్పుడు అడగలేం. ఊళ్ళ మధ్య దూరం మారలేదు, బస్సు రూటు మారలేదు. మధ్యలో ఒక గీత పడింది, ఆ గీత దాటాలంటే హైకోర్టు ఆర్డర్ కావాలి. పాత కేసుల అనుభవంతో "మా బాబాయి కేసు నల్లగొండలనే మార్చిన్రు గదా" అంటారు. మార్చారు, నిజమే. అప్పటి గడప వేరు, ఇప్పటి గడప వేరు.

మూడో గడప సుప్రీంకోర్టు. ఇది కోదాడ వాళ్ళకు ముఖ్యం. కోదాడ దాటి విజయవాడ రోడ్డు మీద కాస్త ముందుకు పోతే జగ్గయ్యపేట, అది ఆంధ్రప్రదేశ్. కోదాడ అమ్మాయిని జగ్గయ్యపేటలో ఇవ్వడం, అక్కడి అమ్మాయి ఇక్కడికి కోడలుగా రావడం మనకు కొత్త కాదు. ఉమ్మడి హైకోర్టు ఉన్నన్నాళ్ళు రెండు ఊళ్ళూ ఒకే హైకోర్టు కింద ఉండేవి. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకు రెండు హైకోర్టులు. ఇప్పుడు అటు కోర్టులో ఉన్న కేసు ఇటు రావాలంటే సెక్షన్ 25 కింద సుప్రీంకోర్టే మార్చాలి. ఒక రాష్ట్రం హైకోర్టు తన కింది కోర్టులోని కేసును వేరే హైకోర్టు కింద ఉన్న కోర్టుకు పంపలేదని 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే ఊరి కోసం ఢిల్లీలో పిటిషన్. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ ఇప్పటి పరిస్థితి అదే.

ఢిల్లీ అనగానే భయపడకండి. 1981లోనే మన ఏలూరు ఆడబిడ్డ ఒకామె సుప్రీంకోర్టుకు పోయింది. ఆమె ఏలూరులో భరణం కేసు వేస్తే, భర్త రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో విడాకుల కేసు వేశాడు. హిందూ వివాహ చట్టంలో ట్రాన్స్‌ఫర్‌కు వేరే సెక్షన్ ఉంది కాబట్టి సుప్రీంకోర్టుకు ఆ అధికారం లేదని వాదన వచ్చింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ఉదయపూర్ కేసును ఏలూరుకు తెప్పించింది. ఇప్పటికీ ఆ తీర్పును మేం వాడుతుంటాం.

కోర్టు ఏం చూస్తుంది?

"ఆడవాళ్ళు అడిగితే కోర్టు మార్చేస్తుంది" అని ఒక మాట ప్రచారంలో ఉంది. సగం నిజం. 2022 జూలైలో వెల్లూరు కేసు ఒకటి వచ్చింది. భర్త వెల్లూరు ఫ్యామిలీ కోర్టులో కేసు వేస్తే, చెన్నైలో ఉండే భార్య తన ఊరికి మార్చమంది. మద్రాసు హైకోర్టు కాదంటే సుప్రీంకోర్టు మార్చింది. ట్రాన్స్‌ఫర్‌లో చూడాల్సింది న్యాయం జరగడం. ఇద్దరి ఆర్థిక స్థితి, సామాజిక స్థితి, బతుకుదెరువు, ఎవరి నీడన ఉంటున్నారు అన్నవి చూడాలి. మన సమాజంలో సాధారణంగా భార్య సౌకర్యాన్ని చూడాల్సి ఉంటుంది అని చెప్పింది.

మిగతా సగం కూడా వినండి. 2006లో రిపోర్టయిన ఒక తీర్పులో సుప్రీంకోర్టే, స్త్రీలకు చూపిన ఉదారతను కొందరు దుర్వినియోగం చేస్తున్నారని, ప్రతి పిటిషన్‌నూ దాని బాగోగులను బట్టే చూడాలని అంది. ఆ కేసులో ఆరేళ్ళ బిడ్డ ఉన్నా, చూసుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారని, ట్రాన్స్‌ఫర్ కాదంది. బదులుగా ఆమెకు, తోడు వచ్చేవాళ్ళకు రాకపోకల ఖర్చు భర్త ఇవ్వాలని చెప్పింది.

అంటే "నేను ఆడదాన్ని, ఒంటరిదాన్ని" అని ఒక్క లైను రాస్తే సరిపోదు. మీ కష్టం జడ్జి గారి కళ్ళకు కట్టాలి. మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు రైలు లేదు, సూర్యాపేటకు అసలు రైలు స్టేషనే లేదు. బస్సే దిక్కు. పొద్దున ఎన్నింటికి బయల్దేరితే కోర్టు పిలిచే వేళకు చేరతారు, సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికి, బాబు ఆ రోజు బడి మానాలా, తోడు వచ్చేదెవరు, నాన్నకు షుగరో గుండె జబ్బో ఉంటే ఆ కాగితాలు. ఇవన్నీ అఫిడవిట్‌లో రావాలి. రైస్‌మిల్లులో రోజు కూలీకి పోయే అమ్మాయి అయితే ఒక వాయిదా అంటే ఒక రోజు కూలి పోయినట్టు. అది కూడా రాయాలి. బెదిరింపులు ఉంటే, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ పెట్టాలి. కాగితం లేని బెదిరింపును నమ్మడం కష్టం.

కస్టడీ కేసుల్లో ఇంకో బలమైన కారణం ఉంది. జడ్జి గారు బిడ్డతో మాట్లాడాలనుకుంటారు. బడి టీచర్, డాక్టర్ లాంటి సాక్షులు బిడ్డ ఉన్న ఊర్లోనే ఉంటారు. ఆ సాక్షులందరినీ ఇంకో జిల్లాకు తిప్పడం కంటే కేసే బిడ్డ ఉన్న చోటుకు రావడం సబబు. నా అనుభవంలో ఈ మాట భార్య సౌకర్యం అనే మాట కంటే బాగా పనిచేస్తుంది.

మగవాళ్ళు కూడా వినండి. సెక్షన్ 24లో "ఏ పార్టీ అయినా" అని ఉంది. తండ్రి దగ్గర బిడ్డ ఉండి, తల్లి వేరే జిల్లాలో కేసు వేస్తే, ఆయన కూడా అడగొచ్చు. పక్షవాతం వచ్చిన తల్లిని ఒంటరిగా వదిలి రాలేని వాళ్ళు, ప్రాణభయం ఉన్నవాళ్ళు ఆధారాలతో అడిగితే కోర్టు వింటుంది.

వీడియో కాన్ఫరెన్స్ ఉంది కదా, ట్రాన్స్‌ఫర్ ఎందుకు అని అవతలి వాళ్ళు అంటారు. 2017 అక్టోబర్‌లో ముగ్గురు జడ్జీల ధర్మాసనం, మెజారిటీ తీర్పుతో, ట్రాన్స్‌ఫర్ పిటిషన్‌లోనే వీడియో కాన్ఫరెన్స్ పెట్టుకోమని పంపకూడదని చెప్పింది. ముందు భార్యాభర్తల మధ్య రాజీ ప్రయత్నం ఎదురెదురుగా జరగాలి; అది కుదరకపోతే, ఇద్దరూ కలిసి కోరితే, ఫ్యామిలీ కోర్టు ఆలోచించవచ్చు అని దాని సారాంశం.

ఏయే కాగితాలు కావాలి?

కేసు పిటిషన్ కాపీ, ఇప్పటిదాకా జరిగిన వాయిదాల వివరాలు, కౌంటర్ వేసి ఉంటే అది. కేసు సి.ఎన్.ఆర్. నంబర్ దగ్గర పెట్టుకోండి. 16 అక్షరాలు, అంకెలు కలిసిన నంబర్ అది. ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా ఎప్పుడో మీకే తెలుస్తుంది. తర్వాత బాబు బడి బోనఫైడ్ సర్టిఫికెట్, ఫీజు రసీదులు, అంగన్‌వాడీ లేదా టీకాల కార్డు, ఆసుపత్రి చీటీలు. ఇవే బిడ్డ ఎక్కడ ఉంటున్నాడో చెప్పే సాక్ష్యాలు. మీ ఇద్దరి మధ్య ఇంకా ఏ కేసులు ఏ కోర్టుల్లో ఉన్నాయో జాబితా. మిర్యాలగూడలో మీరు వేసిన కేసు నడుస్తుంటే, రెండు చోట్ల ఒకే గొడవ నడవడం ఎందుకన్నది మంచి కారణం.

ఒక జాగ్రత్త. మీరు కోరే కోర్టుకు ఆ రకం కేసు వినే అధికారం ఉండాలి. ఊర్లో కోర్టు భవనం ఉన్నంత మాత్రాన అన్ని కేసులూ అక్కడ వినరు. మిర్యాలగూడ కోర్టు ఫైలింగ్ సెక్షన్‌లో ముందే కనుక్కోండి. అక్కడ కుదరకపోతే నల్లగొండ అని అడగాలి. తప్పు కోర్టు పేరు రాస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

భరణం, గృహహింస కేసులు మెజిస్ట్రేట్ ముందు, క్రిమినల్ పద్ధతిలో నడుస్తాయి. వాటిని మార్చుకునే దారి వేరు. ఒకే పిటిషన్‌లో అన్నీ కలిపి అడగకండి. దాని గురించి ఇంకో ఎపిసోడ్‌లో చెప్తాను.

డబ్బు లేదని ఆగకండి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి. హైకోర్టులో వేయాల్సిన పిటిషన్‌కు కూడా హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ద్వారా వకీలును ఇస్తారు.

నేను చేసిన పొరపాటు

ఇప్పుడు మొదట్లో చెప్తానన్న సంగతి. ఆ అమ్మాయి మిర్యాలగూడ పక్క ఊరిది. భర్త కోదాడ వైపు. సూర్యాపేటలో కస్టడీ కేసు. బాబుకు నాలుగున్నరేళ్ళు. మేం హైకోర్టులో ట్రాన్స్‌ఫర్ సి.ఎం.పి. వేశాం. నోటీసు ఇచ్చారు, స్టే ఇంకా రాలేదు. ఈలోపు సూర్యాపేటలో వాయిదా వచ్చింది. ముందు రోజు రాత్రి ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, రేపు పోవాల్నా? బాబుకు జ్వరం."

"హైకోర్టులో వేశాం కదమ్మా. ఈ ఒక్కసారికి ఆగు. నేను జూనియర్‌ను పంపిస్తా" అన్నాను.

జూనియర్‌కు చెప్పాను కానీ, అతను పోయాడో లేదో చూసుకోలేదు. వేరే కోర్టులో ఇరుక్కుని అతను పోలేదు. సాయంత్రం ఆన్‌లైన్‌లో చూస్తే ఆమెను ఎక్స్‌పార్టీ చేసేశారు. అంటే ఆమె లేకుండానే కేసు ముందుకు పోతుందన్నమాట. జడ్జి గారి తప్పేం లేదు. ఆయన ముందు స్టే ఆర్డర్ లేదు, పార్టీ లేదు, వకీలు లేడు.

ఆ ఆర్డర్ రద్దు చేయమని మళ్ళీ పిటిషన్. దానికి అవతలి వాళ్ళ కౌంటర్. హైకోర్టులో కూడా ఆయన తరఫు వకీలు అదే ఎత్తి చూపించాడు, "కావాలనే వాయిదాలకు రాకుండా కేసును సాగదీస్తోంది" అని. నిజంగా ఆమె ఒక్క రోజు రాలేదు, అది కూడా నా మాట విని. చివరికి కేసు నల్లగొండ జిల్లాకు మారింది. కానీ అప్పటికి బాబుకు ఐదేళ్ళు దాటాయి.

ఐదేళ్ళు దాటితే ఏమైంది అంటారా? హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, 1956 సెక్షన్ 6లో, ఐదేళ్ళు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని ఉంది. కేసు మొదలైన రోజు ఆ సెక్షన్ ఆమె చేతిలో ఉంది. కేసు మారే నాటికి అది ఆమె చేతిలో లేదు. ఐదేళ్ళు దాటాక కూడా బిడ్డ క్షేమమే అన్నింటికంటే పెద్దదని సెక్షన్ 13 చెప్తుంది కాబట్టి ఆమె ఓడిపోలేదు. ఆదివారాలు తండ్రి వచ్చి బాబును తీసుకుపోయి సాయంత్రానికి దింపేట్టు రాజీ కుదిరింది. కానీ తేలిగ్గా దొరకాల్సింది కష్టపడి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ ఖర్చు ఆ అమ్మాయిది, పొరపాటు నాది. ఆ ఫైలు నా బీరువాలో ఇప్పటికీ పైనే పెట్టుకున్నాను.

అందుకే చెప్తున్నాను. ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేస్తే కింది కోర్టులో కేసు దానంతటది ఆగదు. స్టే ఆర్డర్ కాపీ ఆ కోర్టుకు చేరేదాకా ప్రతి వాయిదాకు మీరో మీ వకీలో ఉండాల్సిందే. జ్వరమో, బస్సు దొరకకపోవడమో ఉంటే కనీసం వాయిదా పిటిషన్ అయినా పడాలి. మీ వకీలును మొహమాటపడకుండా అడగండి, "సార్, ఇయ్యాల ఎవరు పోతున్నరు?" అని. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి ఏమైందో అడగండి. నన్నయినా సరే అడగండి.

ఆర్డర్ వచ్చాక ఏం జరుగుతుంది?

హైకోర్టు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్‌లో ఫలానా కోర్టు ఫైల్ నుంచి తీసి ఫలానా కోర్టుకు పంపమని రాస్తారు. పాత కోర్టు రికార్డంతా కట్ట కట్టి పంపుతుంది. కొత్త కోర్టులో కొత్త నంబర్ పడుతుంది. ఆర్డర్‌లో వేరేగా ఏమీ చెప్పకపోతే, కొత్త జడ్జి గారు మళ్ళీ మొదటి నుంచి విచారించవచ్చు, లేదా ఆగిన చోటు నుంచి కొనసాగించవచ్చు. రికార్డు చేరిందా లేదా అని మీరే పదిహేను రోజులకోసారి వాకబు చేయండి.

ఈ మధ్యకాలంలో బిడ్డ సంగతేంటి? కేసు ఏ కోర్టులో ఉన్నా, గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 12 కింద మధ్యంతర ఏర్పాటు అడగొచ్చు. తల్లి దగ్గర బిడ్డ ఉంటే, తండ్రి వారానికోసారి చూసుకోవడానికి పిటిషన్ వేయొచ్చు. తల్లులకు నేను చెప్పేది ఒకటే, ఆ పిటిషన్‌కు గుడ్డిగా అడ్డం పడకండి. ట్రాన్స్‌ఫర్ అడుగుతూనే "బాబును చూడనివ్వను" అంటే, కేసు మార్చమంటున్నది సౌకర్యానికి కాదు, తండ్రికి దూరం చేయడానికే అని జడ్జి గారికి అనిపిస్తుంది. మిర్యాలగూడ బస్టాండ్ దగ్గర ఒక గంట, గుడి దగ్గర ఒక పూట అని మీరే ముందు ఒక ఏర్పాటు చెప్తే మీ పిటిషన్‌కు బలం వస్తుంది. తండ్రులకు కూడా ఒక మాట. ఆమెను బస్సుల్లో తిప్పి అలసిపోయేట్టు చేయాలని దూరం కోర్టులో కేసు వేయకండి. మీరు తిప్పేది ఆమెను ఒక్కదాన్నే కాదు, ఆమె చంకలో ఉన్న మీ బిడ్డను కూడా.

చివరగా మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. బిడ్డ ఉండే ఊరు ఏదో కాగితాలతో చూపించండి. రెండు కోర్టుల మధ్య జిల్లా గీత ఉందా, రాష్ట్రం గీత ఉందా చూసి ఆ గడపే తొక్కండి. స్టే చేతికి వచ్చేదాకా ఒక్క వాయిదా కూడా వదలకండి. కేసు మారడం అంటే గెలిచినట్టు కాదు, వాదించే చోటు మాత్రమే మారుతుంది. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది ఆ తర్వాత తేలే సంగతి.

నేను చెప్పింది సాధారణ సమాచారం. మీ కేసు సంగతులు వేరుగా ఉండొచ్చు, కాబట్టి కాగితాలన్నీ పట్టుకొని మీ వకీలుతో ఒకసారి కూర్చోండి. వచ్చే ఎపిసోడ్‌లో భరణం, గృహహింస కేసులను ఎలా మార్చుకోవాలో మాట్లాడుకుందాం. అందాకా సెలవు. నమస్కారం.